అరవదు, కరవదు అని అమ్మేవారికి

ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణాల్లోనూ, కైకలూరు నుంచి ఆకివీడు దాకా కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలోనూ పెంపుడు జంతువుల వ్యాపారం చేస్తున్న దుకాణదారులకు,



"అరవదు, కరవదు, ఖర్చుండదు." కుందేలు పిల్లను కొనేవాళ్ల చేతిలో పెడుతూ మీలో చాలామంది చెప్పే మాట ఇది. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకైతే ఇంకాస్త ఊరించి చెబుతారు. కుక్కలా మొరగదు, పక్కింటివాళ్లు తగాదాకి రారు, ఓ క్యారెట్ ముక్క పడేస్తే దాని మానాన అది ఓ మూల పడి ఉంటుంది అంటారు. ఈ మూడు మాటల్లో ఒక్కటీ నిజం కాదు. కరుస్తుంది. ఖర్చూ అవుతుంది. ఆ రెండూ కొన్నవాళ్లు నాలుగు రోజుల్లో తెలుసుకుంటారు. మొదటిదే ప్రమాదం. అరవదని నమ్మి తెచ్చుకున్నవాళ్లు, అది చేసే చప్పుళ్లను చప్పుళ్లుగానే లెక్కపెట్టరు. పశువైద్యులకీ ప్రభుత్వానికీ కాక మీకే ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా అదే. కుందేలు గురించి ఒక కుటుంబం వినే మొదటి మాట మీది. చాలా ఇళ్లలో చివరి మాట కూడా మీదే.

కుందేలు అరవదని మీకెవరు చెప్పారు? పొద్దున్నుంచి రాత్రి దాకా లవ్‌బర్డ్స్ గోల మధ్య, అక్వేరియం మోటార్ల రొదలో, ముందు నుంచి పోయే ఆటోల హారన్లు వింటూ కూర్చునేవారికి దాని గొంతు వినపడకపోవడంలో వింత లేదు. ఇంట్లో రాత్రి పదింటికి టీవీ ఆపేశాక వినాలి దాన్ని. తల నిమురుతుంటే లోపల్లోపలే పళ్లు టకటకలాడిస్తుంది. దవడ మీద వేలు ఆనిస్తే తప్ప తెలియనంత సన్నటి చప్పుడు. అది సుఖంగా ఉందని అర్థం. అవే పళ్లను నాలుగడుగుల దూరానికి వినపడేలా కటకటా నూరుతూ, వీపు గూనిలా వంచుకుని, కళ్లు సగం మూసుకుని మూల కూర్చుందంటే దానికి ఎక్కడో తీవ్రంగా నొప్పి పుడుతోంది. రెండూ పళ్ల చప్పుళ్లే. తేడా తెలియకపోతే ఏం జరుగుతుందో మా వీధిలో చూశాను.

పక్కింటివాళ్లు పాపకోసం ఒక కుందేలును కొనుక్కొచ్చారు. ఏ దుకాణంలో కొన్నారో ఇక్కడ రాయను. ఎక్కడ కొన్నా ఇదే జరిగి ఉండేది. ఒక సాయంత్రం నుంచి అది తిండి మానేసింది. రాత్రంతా పళ్లు నూరింది. ఆ ఇంటి పెద్దాయన పల్లెటూళ్లో గేదెల మధ్య పెరిగినవాడు. "నెమరేస్తోందిలే" అన్నాడు. కుందేలు నెమరు వేయదు. తెల్లారి చూస్తే కింది ట్రేలో ఒక్క పెంటిక లేదు. ఆ ఇల్లాలు కొన్నచోటికే ఫోన్ చేసింది. "గ్యాస్ పట్టి ఉంటుంది మేడం, ఒకపూట ఏమీ పెట్టకండి, అదే సర్దుకుంటుంది" అన్నారు. మధ్యాహ్నానికి చచ్చిపోయింది. సాయంత్రం వెళ్లి ఆ సంగతి చెబితే, "పోనీలెండి, ఇంకోటి తీసుకెళ్లండి, వంద తగ్గించుకుంటాను" అన్నారట.

ఆ వంద రూపాయల తగ్గింపు నాకు మింగుడు పడలేదు. అబద్ధం చెప్పారని అనడం లేదు. ఆ దుకాణదారు తనకు తెలిసిందే చెప్పాడు, తనకు తోచిన మర్యాదే చేశాడు. ఎనిమిది పదేళ్లు బతకాల్సిన జీవిని అమ్ముతూ, దాని పొట్ట ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం తన పనే కాదనుకున్నాడు. మీలో ఎంతమంది అది మీ పనేననుకుంటున్నారు?

ఆ పొట్ట సంగతి చెబుతాను, వినండి. కుందేలు జీర్ణాశయం ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. పీచున్న గడ్డి ఆగకుండా లోపలికి పోతుంటేనే ఆ కదలిక సాగుతుంది. తిండి ఆగితే పేగులు మందగిస్తాయి, లోపల గ్యాస్ నిండుతుంది, ఆ నొప్పికి అది ఇంకా తినడం మానేస్తుంది. అలా ఒకదాన్నొకటి లాక్కుపోతాయి. కుందేలు వాంతి చేసుకోలేదు, కనక లోపలికి పోయింది పేగుల వెంట ముందుకు సాగాలే తప్ప వెనక్కి తిరిగి రాదు. మనిషికి లంఘనం పరమౌషధం కావచ్చు, కుందేలుకి అదే చావు. పన్నెండు గంటలుగా తిండి ముట్టలేదన్నా, పెంటికలు పడలేదన్నా తెల్లారేదాకా ఆగకూడదు, డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిన సమయం అది. ఈ ఒక్క ముక్క అమ్మేటప్పుడే చెప్పడానికి మీకు అర నిమిషం పడుతుంది. పంజరం మీదా ఫీడ్ ప్యాకెట్ మీదా బేరమాడడానికి అంతకన్నా ఎక్కువసేపే వెచ్చిస్తారు కదా?

ఇక మిగతా చప్పుళ్లు. అర్ధరాత్రి పంజరంలోంచి దభీమని శబ్దం వస్తుంది. వెనక కాలెత్తి నేలను బలంగా తంతుంది. ఇంటివాళ్లు పొగరనుకుని పంజరాన్ని ఒక్కటి చరుస్తారు. అది ప్రమాదం వచ్చిందని చెప్పే హెచ్చరిక. బొరియల్లో గుంపులుగా బతికే జాతి కనక భయం వేసినప్పుడు తోటివాటికి అలా కబురు పెడుతుంది. గోడ మీద పిల్లి నడిచి ఉండొచ్చు, పెరట్లో పందికొక్కు తిరిగి ఉండొచ్చు. వినాయకచవితి ఊరేగింపులో డీజే పెట్టెలు వీధిలోకి వచ్చినప్పుడూ, దీపావళి రాత్రీ అది ఆగకుండా తంతూనే ఉంటుంది. తన్నడం ఆపేసి బిగుసుకుపోయి కూర్చుంటే ఇంకా భయపడాలి.

నాలుగు నెలల వయసుకొచ్చిన మగపిల్ల ఉన్నట్టుండి మనిషి కాళ్ల చుట్టూ గిరగిరా తిరుగుతూ గొంతులోంచి గుర్‌గుర్‌మని శబ్దం చేస్తుంది. పిచ్చెక్కిందని వదిలేసి వచ్చినవాళ్లున్నారు. దానికి ఈడొచ్చింది, అంతే. పంజరంలో చెయ్యి పెట్టగానే గుర్రుమని ముందుకాళ్లతో కొడితే అది తన చోటని చెబుతోంది. కళ్లు తలకి రెండు పక్కలా ఉండడం వల్ల వెనకా పైనా చూడగలదు గానీ సరిగ్గా ముక్కు కింద ఏముందో దానికి కనిపించదు. అలాంటిదాని ముక్కు ముందుకి తిన్నగా వేలు పోనిస్తే కరవక ఏం చేస్తుంది? కరవదని చెప్పిన మిమ్మల్నే అడుగుతున్నాను. నుదుటి మీదుగా నిమరమని కొనుక్కెళ్లే పసివాడికి చెప్పారా?

ఊపిరిలో పిల్లికూతలు వినపడితే, తుమ్ములతో పాటు ముక్కులోంచి తెల్లటి చీమిడి కారితే అది ఊపిరితిత్తుల దాకా పాకగలిగే అంటురోగం. దాన్ని కనిపెట్టడానికి మీకో గుర్తు చెబుతాను. మీకు తెలిసే ఉంటుంది, కొనేవాళ్లకే తెలియదు. ముందుకాళ్ల లోపలి వైపు చూడాలి. ముక్కు తుడుచుకునేది వాటితోనే కనక జబ్బు చేసిన కుందేలుకి అక్కడి బొచ్చు అట్టకట్టి ఉంటుంది. ముఖం శుభ్రంగా తుడిచి అమ్మకానికి పెట్టొచ్చు గానీ ఆ కాళ్లు దాచలేరు. కుందేలు ముక్కుతోనే ఊపిరి పీల్చే జీవి. నోరు తెరుచుకుని రొప్పుతోందంటే ప్రాణం మీదికొచ్చినట్టే.

ఇంకొక్క అరుపుంది. ప్రాణభయంతోనో భరించలేని నొప్పితోనో పసిబిడ్డ ఏడ్చినట్టు కెవ్వుమంటుంది. చాలామంది పెంపకందార్లు ఒక్కసారి కూడా వినరు దాన్ని, వినకపోవడమే అదృష్టం. పంజరంలోంచి రెండు చెవులు పట్టుకుని కుందేలును పైకి లేపి చూపించే అలవాటు మీలో ఇంకా కొందరికి ఉంది. చెవులు పిడికిట్లో ఇరికించుకోవడానికి ఇచ్చిన పిడులనుకున్నారా? ఒంట్లో వేడిని బయటికి పంపేది ఆ చెవుల్లోని రక్తనాళాలే. పైగా కుందేలు ఎముకల బరువు దాని ఒంటి బరువులో ఏడెనిమిది శాతమే. కాళ్లకి మాత్రం అంత బలం. గాల్లో వేలాడదీసినప్పుడు భయంతో ఒక్క తన్ను తన్నుకుంటే దాని నడుం అదే విరిగిపోతుంది. ఒక చెయ్యి ఛాతీ కింద, రెండో చెయ్యి పిర్రల కింద వేసి ఎత్తాలి. మీ దగ్గరికొచ్చే అయిదో తరగతి పిల్లాడు చూసి నేర్చుకునేది మీరు ఎత్తే తీరునే.

చప్పుళ్ల కన్నా చేష్టల దగ్గర జరిగే పొరపాట్లే ఎక్కువ. తన పెంట తానే తింటోందని అసహ్యపడి మందు అడగడానికి మీ దగ్గరికొస్తారు. అది జబ్బు కాదు. కుందేలు రెండు రకాల పెంట వేస్తుంది. గట్టి గుండ్లు పారేసేవి. మెత్తగా, జిగురుగా, గుత్తులుగా వచ్చేవి రెండోసారి లోపలికి పోవాల్సిన ఆహారం. అందులో బి విటమిన్లు, మాంసకృత్తులు ఉంటాయి. తిననీయకుండా అడ్డుపడితే చిక్కిపోతుంది. ఆ మెత్తటివి తినకుండా వదిలేసి, పిర్రలకు అంటించుకుని తిరుగుతుంటేనే ఏదో తేడా వచ్చిందని లెక్క. తీపి ఎక్కువైందేమో చూడాలి. మీరు క్యారెట్ పెట్టమని చెప్పి పంపినందుకే కావచ్చు. క్యారెట్ దానికి మిఠాయి. మనమంతా కార్టూన్ సినిమాలు చూసి నేర్చుకున్న మేత అది. దాని అన్నం గడ్డి. కాలవగట్ల మీద గరికకి మన దగ్గర కరువా? మందు కొట్టిన చేను గట్టున కోయకుండా ఉంటే చాలు. 2020 డిసెంబరులో ఏలూరులో వందల మంది ఉన్నట్టుండి మూర్ఛలతో కుప్పకూలినప్పుడు నిపుణులు పురుగుమందుల వైపు కూడా వేలు చూపించారు. ఆకు కడిగి తినాలని ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. కుందేలుకు వేసే ఆకునీ కడగాలని మాత్రం చెప్పాలి.

ఆడ కుందేలు తన ఛాతీ మీది బొచ్చు తానే పీక్కుంటుంది. చర్మరోగమని కొబ్బరినూనె రాస్తారు. అది పిల్లలకు పడక పరుచుకోవడం. చూడి కట్టకుండానే కట్టినట్టు ఒళ్లు భ్రమపడినా అలాగే చేస్తుంది. ఇక నిజంగా ఈనిందా, అసలు గొడవ అప్పుడు మొదలవుతుంది. తల్లి పిల్లల దగ్గరే కూర్చోదు. రోజుకి ఒకసారి, మహా అయితే రెండుసార్లు వెళ్లి, కొద్ది నిమిషాలు పాలిచ్చి వచ్చేస్తుంది. తన వాసనకు వేటజంతువు గూటి దాకా రాకుండా అది పడే జాగ్రత్త అది. ఇంటివాళ్లు "తల్లి వదిలేసింది, రాక్షసి" అని పిల్లల్ని తీసి డ్రాపర్‌తో ఆవుపాలు పోస్తారు. రెండు రోజుల్లో గూడు ఖాళీ. పిల్లల పొట్ట గుండ్రంగా, ఒళ్లు వెచ్చగా ఉంటే తల్లి పాలిస్తున్నట్టేనని ఎవరైనా చెప్పి ఉంటే బతికేవి. అసలు ఆ ఈత ఎందుకొచ్చింది? రెండూ ఆడవేనని మీరు అమ్మిన జతలో ఒకటి మగది. చిన్నప్పుడు పోల్చడం కష్టమే, ఒప్పుకుంటాను. పోల్చలేనప్పుడు పోల్చలేమని చెప్పడం కష్టమా? కుందేలు చూడికాలం నెల రోజులే. ఈనిన మర్నాడే మళ్లీ కట్టగలదు. ఆ లెక్క తెలియని ఇంట్లో ఏడాది తిరిగేసరికి ఏమవుతుందో ఊహించుకోండి. ఆ మిగులు కుందేళ్లే కాలేజీ మైదానాల్లోనూ చెరువుగట్ల మీదా తేలతాయి. తెల్లటి ఒంటితో, బొరియ తవ్వుకునే వ్యవధి లేక, కుక్కలకి ఒక్క రాత్రి భోజనమవుతాయి.

మెడ ఒక పక్కకి వాలిపోతే దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తిప్పి పోసే ఇళ్లు నాకు తెలుసు. దిష్టి తీస్తే తీయనివ్వండి, దానివల్ల నష్టం లేదు. ఆ తర్వాతైనా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అది చెవి లోపలి చీము కావచ్చు, మెదడుకు పట్టే సూక్ష్మజీవి కావచ్చు. మాటిమాటికీ తల విదిలిస్తూ చెవి గీక్కుంటుంటే లోపల గోధుమరంగు పొక్కు కట్టిందేమో చూడాలి, చెవి గజ్జి అయి ఉంటుంది. వెల్లకిలా తిప్పి పడుకోబెడితే కదలకుండా ఉండిపోతుంది చూడండి, ఫోన్లలో వీడియోలు తీసి పెడుతుంటారు, "హాయిగా నిద్రపోయింది" అని. మీలోనూ కొందరు ఆ విద్య చూపించి అమ్ముతున్నారు. అది నిద్ర కాదు. పులి నోట చిక్కిన జంతువు చచ్చినట్టు పడిపోతుందే, ఆ స్థితి. లోపల్లోపల అది భయపడుతూనే ఉంటుంది.

నొప్పి దాని ముఖం మీదే రాసి ఉంటుంది. ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2012లో కుందేలు ముఖంలో నొప్పిని కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించారు. యంత్రాలేమీ అక్కర్లేదు. కళ్లు ఎంత మూసుకున్నాయి, బుగ్గలు ఎంత లోపలికి పోయాయి, ముక్కుపుటాల ఆకారం ఎలా మారింది, మీసాలు ఎటు తిరిగాయి, చెవులు ఎలా ముడుచుకున్నాయి, ఈ అయిదు చూస్తే చాలు. రోజుకి వంద కుందేలు ముఖాలు చూసే అవకాశం పరిశోధకుల కన్నా మీకే ఎక్కువ. మీకు అబ్బాల్సిన విద్య కాదా ఇది?

మన ప్రాంతం వాళ్లకి నోరులేని జీవాల్ని చదవడం రాదంటే నేను నమ్మను. కైకలూరు, ఆకివీడు వైపు ఏ చేపల చెరువు గట్టు మీదికైనా తెల్లవారుజామున వెళ్లి చూడండి. చేపకన్నా మూగది ఏముంది? అయినా నీళ్ల పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయంటే ఆక్సిజన్ పడిపోయిందని కాపలావాడికి క్షణంలో తెలిసిపోతుంది. యజమానికి ఫోన్ వెళుతుంది, ఏరియేటర్లు తిరుగుతాయి. చదువుకున్నవాడు కాకపోవచ్చు ఆ కాపలావాడు. లక్షల సరుకు పోతుందన్న భయం అతనికి చూపునిచ్చింది. గేదె అరుపు వినగానే ఎదకొచ్చిందని తాడేపల్లిగూడెం సంతలో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. సంక్రాంతి పుంజుకైతే ఏకంగా శాస్త్రమే ఉంది, ఏ రంగు ఏ రోజు గెలుస్తుందో లెక్కలేసి మరీ చెబుతారు. విలువ కట్టిన ప్రతి జీవినీ చదువుకున్నాం మనం. కుందేలుకి మూడు నాలుగు వందలు విలువ కట్టారు కనకనే దాని భాష మీకు అక్కర్లేకపోయిందా?

మీరమ్మే తెల్ల కుందేలు ఎక్కువగా న్యూజిలాండ్ వైట్. పేరే గానీ అది పుట్టింది అమెరికాలో, మాంసానికీ బొచ్చుకీ పెంచిన జాతి. పెరిగితే నాలుగైదు కిలోలు తూగుతుంది. "ఇంతే ఉంటుంది సార్" అని అరచేతిలో పెట్టి చూపించే పిల్ల అంత చిన్నగా ఉండడానికి కారణం జాతి కాదు, వయసు. దానికింకా పాలు మరచిపోయే వయసు రాలేదు. తల్లి దగ్గర ఎనిమిది వారాలైనా ఉండాల్సిన పిల్లను మూడు నాలుగు వారాలకే వేరుచేస్తే పేగులు గడ్డికి అలవాటు పడకముందే విరేచనాలు పట్టుకుంటాయి. కొన్న వారంలోపే చచ్చిపోయిన కుందేలు పిల్లల ఫిర్యాదులు మీ దగ్గరికి ఎన్ని వచ్చి ఉంటాయి? వాటిని ఇంటివాళ్ల అజాగ్రత్త కిందే రాసేసుకున్నారా?

మందుల సంగతి అడగకుండా ఉండలేను. కుక్కల పిడుదులకు కొట్టే ఫిప్రోనిల్ స్ప్రేని కుందేలు గజ్జికి కూడా ఇచ్చేస్తున్నవారికి ఒక మాట. ఆ మందు కుందేలుని చంపగలదు. మెడికల్ షాపులో దొరికే అమాక్సిసిలిన్ సిరప్ నోటి ద్వారా పోయించినా అంతే. పేగుల్లో ఉండాల్సిన మంచి సూక్ష్మజీవుల్ని అది తుడిచిపెట్టేసి విషక్రిముల్ని పెంచుతుంది. పసిపిల్లలకి ఇచ్చేదే కదా అని ధైర్యంగా పోస్తారు ఇంట్లోవాళ్లు. ఏది ఇవ్వకూడదో తెలియనివారు ఏదీ ఇవ్వకుండా ఉంటే మంచిది. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, ఏలూరు నుంచి గంట ప్రయాణం. పశువుల అంబులెన్సుకు 1962 నంబరు ఉంది. ఇవి మీ గోడ మీద రాసి ఉన్నాయా?

వేసవి మన దగ్గర ఎలా ఉంటుందో మీకు చెప్పాలా? కుందేలుకు చెమట పట్టదు. 30 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడుతుంది, మే నెలలో ఏలూరు ఎండ 40 దాటుతుంది. ఆ ఎండలో రేకుల చూరు కింద, పేవ్‌మెంట్ మీద, ఇనప పంజరంలో పదేసి పిల్లల్ని కుక్కి పెడితే అవి అరవవు నిజమే. వేగంగా ఎగరోజుతూ, చెవులు ఎర్రబడి, ముక్కు చుట్టూ తడిసి, ఒకదాని మీదొకటి పడి ఉంటాయి. దారినపోయేవాళ్లు "ఎంత ముద్దుగా పడుకున్నాయో" అంటారు. మీకైతే తెలుసు కదా అది పడక కాదని?

చట్టం మాట తేవాలని లేదు, కానీ మీరు వ్యాపారులు, చట్టం లేనిదే వ్యాపారం లేదు. పెట్ షాపుల కోసం కేంద్రం 2018లో నిబంధనలు తెచ్చింది. రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోకుండా దుకాణం నడపకూడదని వాటి సారాంశం. పెంపుడు జంతువంటే ఏమిటో చెప్పే చోట కుక్క, పిల్లులతో పాటు కుందేలు పేరు కూడా అందులో ఉంది. ఆ నిబంధనలకు తల్లి చట్టం 1960 నాటిది. జంతువు ఎవరి అధీనంలో ఉంటే దాని బాగోగులు వారి బాధ్యతేనని మూడో సెక్షన్ చెబుతుంది. కిక్కిరిసిన పంజరం వల్లో, ఆకలిదప్పుల వల్లో నొప్పి అనుభవిస్తున్న జంతువును అమ్మకానికి పెట్టడం నేరమని పదకొండో సెక్షన్ చెబుతుంది. మొదటిసారి తప్పుకి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. పాతకాలపు ధర, ఇవాళ ఓ టీ, ఓ సమోసా ఖరీదు. జరిమానా చిన్నదైతే నేరం చిన్నదవుతుందా? పొలాల్లో దొరికిన చెవులపిల్లి పిల్లల్ని కూడా కుందేళ్లలో కలిపి అమ్మేవారెవరైనా ఉంటే, వారి మీదికి వచ్చేది 1972 నాటి వన్యప్రాణి చట్టం. అక్కడ పది రూపాయలతో పోదు.

ఇది కుందేళ్ల గోడు మాత్రమే అనుకోకండి. గజ్జి పట్టిన కుందేలును ఒళ్లో పెట్టుకున్న పిల్లకి ఒళ్లంతా దురద. తామర ఉన్న కుందేలు బొచ్చు రాలిన చోట చెయ్యేసిన పిల్లాడికి చేతుల మీద తామర. వీటికి ఆసుపత్రి ఖర్చు ఇంటివాళ్లది. ఇంకో నష్టానికి లెక్క కట్టడం కష్టం. ఆ పక్కింటి పాప చచ్చిపోయిన కుందేలు కోసం ఏడ్చింది ఒక్క రోజే. రెండో రోజు, "ఇంకోటి కొందాం, వంద తగ్గిస్తారుగా" అంది. ఆ మాట ఆ పిల్లకి ఎవరు నేర్పారు?

మీ జవాబులు నాకు తెలియనివి కావు. "మేం మానేస్తే సంతలో కొనుక్కుంటారు" అంటారు. కొనుక్కోనివ్వండి. సంతలో అమ్మేవాడికి బోర్డు లేదు, బిల్లు లేదు, రేపు అదే చోట కనిపిస్తాడన్న నమ్మకం లేదు. మీకు అవన్నీ ఉన్నాయనే కదా మీ దగ్గరికి వస్తున్నారు? "ఇంత చెబితే ఎవరూ కొనరు" అంటారు. కొందరు కొనరు, నిజమే. కొనకూడనివాళ్లే వాళ్లు. కొన్నవాళ్లు మాత్రం ఎనిమిదేళ్ల పాటు మీ దగ్గరే గడ్డీ గుళికలూ కొంటారు. వారంలో చచ్చే కుందేలు వల్ల మీకు ఒక్క అమ్మకమే మిగులుతుంది, అదీ వంద తగ్గించుకుని. "మేం డాక్టర్లం కాదు" అంటారు. కాదు. ఎరువుల కొట్టువాడు వ్యవసాయ శాస్త్రవేత్త కాదు, అయినా ఎకరానికి ఎన్ని బస్తాలో చెప్పకుండా అమ్మడు.

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకండి. బిల్లు మీద పుట్టిన తేదీ, ఆడో మగో రాయండి, తెలియకపోతే తెలియదని రాయండి. పంజరాలను మార్చి నెల దాటాక పేవ్‌మెంట్ మీంచి లోపలికి జరపండి. నమోదు పత్రం ఉంటే గోడకి తగిలించండి, లేకపోతే ముందు అది తెచ్చుకోండి. అరవదు, కరవదు అనే మాట మానేసి, దాని స్థానంలో నాలుగు వాక్యాలు చెప్పండి. గట్టిగా పళ్లు నూరితే నొప్పి. పన్నెండు గంటలు తినకపోతే ఆసుపత్రి. కాలు తంతే భయం. నోరు తెరిచి రొప్పితే ప్రాణాపాయం.

ఇవన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇవ్వడానికి నేను సిద్ధం. పశువైద్యుడికి చూపించి, తప్పులుంటే దిద్దించి మరీ ఇస్తాను. కూలి అక్కర్లేదు. మీ బిల్లు పుస్తకంలో కాగితం వెనక వైపు ఖాళీగానే ఉంటుంది కదా, అక్కడ అచ్చు వేయించుకోండి చాలు. ఎప్పుడు రమ్మంటారు?

ఇట్లు,
కుందేళ్లను పెంచుకుంటున్న ఏలూరు వాసి